తోక మింగిన పలుకు

చేర్తల,
ఆదివారం

చిరంజీవి ప్రశోభకు,

ఆశీర్వాదం చివర్లో ఇస్తాను, అదీ నువ్వు నా మాట వింటే.

నా పేరు చిరుత. ముసలిదాన్ని. అక్షరం ముక్క రాదు. నేను చెబుతుంటే మా పక్కింటి త్రేస్యా టీచర్ తన ఫోనులో రాసి నీకు పంపుతోంది. నా మాటలకు ఇస్త్రీ చేయొద్దని ఆమెకు ముందే చెప్పాను. "అంత కోపంగా మొదలుపెడతావా చిరుతా, పరాయి పిల్ల కదా" అని ఇప్పుడే సణిగింది. మొదలుపెడతాను. రాయి టీచర్.

నువ్వు చూసుకుంటున్న 'పలుకు' నా ఫోనులో ఉంది. రాసి ఉన్నదాన్ని పైకి చదువుతుంది కదా, ఆ పలుకే. దాన్ని ఎవరూ అమ్మరట. చేసినవాళ్లకు జీతం లేదట. ఎవరైనా విప్పి చూసి, చెడిపోయింది బాగుచేసి, మళ్లీ అందరికీ ఇవ్వవచ్చట. ఇదంతా విని నాకు మీ అందరి మీదా గౌరవం కలిగింది. ఆ గౌరవం ఇప్పుడు పోయింది, అందుకే ఈ ఉత్తరం.

రోజూ పొద్దున పాలు లేని కట్టన్ చాయ పెట్టుకుని మలయాళం పేపర్లో చావు కబుర్ల పేజీ చదివించుకుంటాను. ఈ వయసులో నాకు తెలిసినవాళ్ల సమాచారం ఎక్కువగా ఆ పేజీలోనే వస్తుంది. అయితే నీ పలుకుకు ఒక జబ్బు ఉంది. కొందరి పేర్ల చివర 'న్'ను మింగేస్తుంది. రాఘవన్ పోతే రాఘవ అంటుంది. కుమారన్ పోతే కుమార అంటుంది. పోయినవాడికి మిగిలేదే పేరు, అందులోనూ తోక కోస్తే ఎలా?

మా ఆయన సంవత్సరీకానికి పేపర్లో ఫొటో వేయించాం. ఆయన పేరు వేలాయుధన్. (ఈ పేరు టీచర్ తనంతట తాను రాసింది. నేను అనలేదు.) మా వయసు ఆడవాళ్లం మొగుడి పేరు నోట పలకం. బతికున్నన్నాళ్లూ పలకలేదు, ఇప్పుడూ పలకను. నా తరఫున ఫోను పలుకుతుంది కదా అని పొద్దున్నే లేచి, స్నానం చేసి కూర్చున్నాను. అది ఆ పేరు తోక కూడా మింగేసింది.

పలుకును బాగుచేసేవాళ్లంతా ఫోనులో కలిసే మీ చోట టీచర్ చేత ఫిర్యాదు పెట్టించాను. మరునాడే అది చూసి పొన్నాని నుంచి ఫసీలా అనే పిల్ల ఫోన్ చేసింది. "అమ్మమ్మా, ఆ పేరు మీ నోటితో ఒకసారి అనండి, రికార్డు చేసుకుంటాను" అంది. "నేను అననే" అన్నాను. నవ్వి, టీచర్ చేత అనిపించుకుంది. కంప్యూటర్లో ఆ చివరి 'న్'ను రెండు రకాలుగా రాస్తారట. కొత్త రకాన్ని పలుకు పలుకుతుంది, పాత రకాన్ని మింగుతుంది. ఆ పిల్ల కూర్చుని దాన్ని బాగుచేసి నీకు పంపింది. ఆ తర్వాత నాకు ఫోన్ చేసినప్పుడల్లా "వాళ్లింకా చూడలేదు అమ్మమ్మా, చూస్తారు" అనేది. గొంతులో ఎంత ఆశో.

చివరికి మీ చోటు నుంచి జవాబు వచ్చింది. నా ఫోనే చదివి వినిపించింది. "ఇక్కడ చాలాకాలంగా ఎవరూ మాట్లాడనందున దీన్ని మూసివేస్తున్నాం. మీ సహకారానికి ధన్యవాదాలు." నా ఫిర్యాదునూ మూశారు, ఆ పిల్ల చేసిన మరమ్మతునూ మూశారు. అలా మూసేది మనిషి కాదట, యంత్రమట.

ఎవరూ మాట్లాడలేదా? నేనూ ఫసీలా మాట్లాడుకుంటూనే ఉన్నాం. మాట్లాడనిది నువ్వు.

"పోనీలెండి అమ్మమ్మా, అక్కడ నన్నెవరూ ఎరగరు. మళ్లీ ఎందుకు వెళ్లడం?" అంది ఆ పిల్ల. అంత పనిమంతురాలు ఆ ఒక్క మాటతో వెళ్లిపోయింది. ఆడపిల్లవై ఉండి ఇంకో ఆడపిల్లను గుమ్మంలో నిలబెట్టి తలుపేస్తావా ప్రశోభా? దాని నెంబరు కింద రాయించాను. ఫోన్ చెయ్యి. యంత్రం చేత కాదు, నీ నోటితో.

కోపంతో,
చిరుత

*

చేర్తల,
శుక్రవారం

ప్రశోభన్ అబ్బాయికి,

అయితే నువ్వు మగవాడివి.

నీ జవాబు చదువుతూ టీచర్ నవ్వాపుకోలేక కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. "నేను ప్రశోభను కాదు అమ్మమ్మా, ప్రశోభన్‌ను. మీ ఫోను నా తోక కూడా మింగింది" అని రాశావు. నాకు నీ పేరు చెప్పింది నువ్వు చేసిన పలుకే. ఇందులో నా తప్పేం లేదు. చాలా నెలల తర్వాత నవ్వానని కూడా రాశావు. ఆ మాట దగ్గర టీచర్ నవ్వడం మానేసింది.

మిగతాదంతా రెండుసార్లు చదివించుకున్నాను. కోళికోడ్‌లో కాలేజీ హాస్టల్లో నువ్వూ నీ స్నేహితుడు జోసీ కలిసి దీన్ని మొదలుపెట్టారని, ఒకడు కడితే ఇంకొకడు తప్పు పట్టేవాడని, పరీక్షలు కూడా మరిచి కూర్చునేవారని రాశావు. తర్వాత జోసీకి పెళ్లి, ఉద్యోగం. తగాదా ఏమీ లేదు, రావడం మానేశాడు. మనుషులు వస్తారు, ఒక మరమ్మతు చేస్తారు, పోతారు. నీ దగ్గరికి చేరేవి ఫిర్యాదులే. భరించలేక ఆ కబుర్లు రాకుండా చేసుకున్నావు, మూయడానికి యంత్రాన్ని పెట్టావు. వచ్చే నెల దీన్ని వదిలేస్తున్నానని అందరికీ చెప్పబోతున్నావు. నువ్వు వదిలేశాక ఎవరూ పట్టుకోకపోతే, ఫోన్లు మారేకొద్దీ పలుకు మూగబోతుంది. అంతే కదా నువ్వు రాసింది?

ఇప్పుడు నా సంగతి విను. నేను కొబ్బరి పీచుతో తాడు పేనినదాన్ని. ఒకరు రాట్నం తిప్పాలి, ఇద్దరు నడుముకు పీచు మూట కట్టుకుని, వదులుతూ వెనక్కి నడవాలి. మా ముగ్గురిలో మిగతా ఇద్దరు ఓమన, పొన్నమ్మ. మా ఆయన పోయాక ఇక పనికి పోనని తలుపేసుకున్నాను. ఈ సంగతి టీచర్‌కు కూడా తెలియదు, ఇప్పుడు రాస్తూ నా మొహం చూస్తోంది. పొన్నమ్మ వచ్చి తలుపు బాదింది. "లోపల ఏడుస్తావో, రాట్నం దగ్గర ఏడుస్తావో నీ ఇష్టం. నువ్వు రాకపోతే మేమిద్దరం ఊరికే కూర్చోవాలి" అంది. వెళ్లాను. తాడు మీద ప్రేమతో వెళ్లానా? ఆ ఇద్దరి కోసం వెళ్లాను. ఒంట్లో శక్తి ఉన్నన్నాళ్లూ వాళ్ల కోసమే వెళ్లాను.

నీ తలుపు ఎవరూ బాదలేదు, అదీ నీ జబ్బు. ఫసీలా తలుపు నువ్వు బాదలేదు, అదీ దాని జబ్బు. పనిలో ఏ లోపమూ లేదు.

వచ్చే ఆదివారం పొద్దున బండెక్కి మా ఇంటికి రా. కర్రపెండలం, ఎర్ర చేపల పులుసు. ఫసీలాకూ చెప్పాను. రానంది. వస్తుంది.

చిరుత

*

చేర్తల,
ఆయన సంవత్సరీకం రోజు

మా ప్రశోభన్‌కు, తోకతో సహా,

ఈసారి ఆశీర్వాదం ముందే ఇస్తున్నాను, తీసుకో.

నువ్వు మొదటిసారి వచ్చిన ఆదివారం గురించి నీకు తెలియనిది ఒకటి చెప్పాలి. ఆ రోజు నేను నిన్ను కట్టిపడేయాలనే అనుకున్నాను. పలుకును వదలనని నీ చేత ఒట్టు వేయించుకుందామని టీచర్‌తో కూడా అన్నాను. నువ్వు వచ్చి చెప్పులు విప్పి, ఎవరి ఇంటికో పొరపాటున వచ్చినట్టు గుమ్మంలో నిలబడ్డావు. ఫసీలా నిన్ను ఎగాదిగా చూసి, "మీరు మనిషేనా? మీరూ ఆ యంత్రమూ ఒకటే అనుకున్నాను" అంది.

"ఈ మధ్య నాకూ ఆ అనుమానమే వస్తోంది" అన్నావు.

ఫసీలా నవ్వింది గానీ నాకు నవ్వు రాలేదు. నీ కళ్ల కింద నలుపు చూశాను. పొన్నమ్మ మా తలుపు బాదిన రోజు నా మొహం కూడా అలాగే ఉండి ఉంటుంది. అందుకే ఒట్టు మాట మింగేసి, పెండలం రెండోసారి వడ్డిస్తూ, "బరువుగా ఉంటే దించెయ్యి నాయనా. పలుకు పోతే పోనీ. నువ్వు మాత్రం ఆదివారాలు వస్తూ ఉండు" అన్నాను. టీచర్ నోరు తెరిచి చూసింది. అంత పోట్లాడి ఇదేమిటని తర్వాత నన్ను తిట్టింది కూడా.

నువ్వు పెండలం ముక్కను పులుసులో అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నావు. ఫసీలానే అడిగింది, "దించితే నా చేతుల్లో దించుతారా? కానీ నేను ఫోన్ చేస్తే ఎత్తాలి" అని. తర్వాత ఊరుకోక, "ఆ జోసీ నెంబరు ఉందా?" అంది. ఉందన్నావు. మరి ఎందుకు చేయలేదంటే, వాడికి తీరిక ఉండదేమోనన్నావు. అది నీ ఫోను లాక్కుని మోగించింది. అటు నుంచి వచ్చిన మొదటి మాట నా చెవుల్లో ఇంకా ఉంది. "ఒరేయ్, నీకు నా అవసరం లేదనుకున్నానురా." ఇద్దరూ ఒకే పిచ్చిలో ఉన్నారన్నమాట. పులుసు చల్లారిపోయింది, మళ్లీ వెచ్చబెట్టాను.

ఇప్పుడు పలుకు ఫసీలా చేతుల్లో ఉంది. ఆ యంత్రం దేన్నీ మూయడం లేదు. ఎవరైనా పంపింది చాలా రోజులు కదలకుండా పడి ఉంటే, అది ఫసీలాకు గుర్తు చేస్తుంది, ఫసీలా ఆ మనిషికి ఫోన్ చేసి పలకరిస్తుంది. ఆదివారం మా అరుగు మీద కూర్చునేవాళ్లు, ఫోనులో కలిసేవాళ్లు పెరిగారు. పెండలం తెమ్మని టీచర్‌ను పంపితే, "నేను పాఠాలు చెప్పినదాన్ని, బస్తాలు మోసేదాన్ని కాదు" అంటూనే మోసుకొస్తోంది. దించేసినవాడివి నువ్వు. ఒక్క ఆదివారం మానలేదు.

నిన్న నా ఫోను ఒక కబురు చదివింది. "ప్రశోభన్ ఒక కొత్త మరమ్మతు పంపారు" అని. మళ్లీ చేయి పెట్టావన్నమాట. అది చూడకుండా ఫసీలా వారం నుంచి నాన్చుతోందట. దానికీ ఒక ఉత్తరం తయారవుతోంది. టీచర్ ఇప్పటికే చెయ్యి నొప్పి అంటోంది.

ఈ రోజు పొద్దున స్నానం చేసి కూర్చున్నాను. పేపర్లో ఆయన ఫొటో వచ్చింది. మీ పలుకు ఆయన పేరు మొదటి నుంచి చివరిదాకా పలికింది. ఇంకోసారి పలికించాను. టీచర్ పొయ్యి దగ్గర ఉంది, ఎవరూ వినడం లేదు. ఫోను ఆగాక నేనూ పలికాను.

వేలాయుధన్.

ఈ పేరు టీచర్ తనంతట తాను రాసింది కాదు. నేను చెప్పి రాయించింది.

మీ అందరి
చిరుత