ఊరికి ఒక్క పళ్ళ డాక్టరు

అమ్మకు, పన్ను ఒక్కటి తప్ప నేను క్షేమం.

చిన్న ఊళ్ళో ఏముందని ఎప్పుడూ అడుగుతావుగా, విను. ఇక్కడ పళ్ళ డాక్టర్ని నేనొక్కదాన్నే. కూరగాయలు కొంటుంటే కూడా ఎవరో ఒకరు ఎదురొచ్చి నోరు తెరిచేస్తారు. ఇప్పుడు నా దవడపన్నే పుచ్చి బుగ్గ వాచింది. పీకడానికి ఊళ్ళో దిక్కు లేదు! అక్కడ మన వీధిలోనే ముగ్గురున్నారు. ఈ ఒక్క విషయంలో నువ్వే గెలిచావు. శుక్రవారం వస్తున్నా, ఎవరికో ఒకరికి చెప్పి ఉంచు.

నిన్న బస్టాండులో టికెట్టు కొంటుంటే, ఈమధ్య నా దగ్గర పన్ను పీకించుకున్న డ్రైవరు చూశాడు. "మళ్ళీ వస్తారా డాక్టరమ్మా? మీ ముందున్న డాక్టరు కూడా రెండ్రోజులని చెప్పే వెళ్ళాడు" అన్నాడు. వస్తానన్నా నమ్మలేదు. నా గొడుగు లాక్కుని తన సీటు వెనక తగిలించుకున్నాడు. తిరుగు బస్సెక్కితేనే ఇస్తాడట. అక్కణ్ణుంచి నేను వచ్చేసినప్పుడు మన వీధిలో ఎవరైనా ఇలా అడిగారా?

వంటింటి కుళాయి బాగుచేయించావా? తమ్ముడి దగ్గు తగ్గిందా? నాకు మెత్తగా ఏదైనా వండు. నా బట్టలకని బీరువా ఖాళీ చేయకు.

నాన్నకు నమస్కారాలు. ఆయన టార్చిలైటు తీసి ఉంచమను, నాతో తెచ్చుకుంటా. చీకటి పడ్డాక వీధిలో నోళ్ళు సరిగా కనబడటం లేదు.

నీ చిన్నది