చివరి మనిషి

అమ్మకు,

నేనూ, నా రెండు మోకాళ్ళూ క్షేమం. నువ్వూ, నాన్నా, మొరాయించే నీ కుట్టుమిషనూ క్షేమమని తలుస్తాను. బయలుదేరేటప్పుడు ముఖం తిప్పుకున్నదానివి, నా సంచిలో బట్టల మధ్య ఉత్తరం దూర్చావు. పొద్దున తువ్వాలు తీస్తుంటే దొరికింది. ఈ కొండల్లో ఫోను పలకదు, అందుకే నీ ప్రశ్నలకు ఇలా జవాబు.

తిన్నాను. నాకు వేరే గది ఇచ్చారు, తలుపుకు గడియ ఉంది. ఇక "డిగ్రీ చదివి సైకిళ్ళ వెనక తిరగడమేమిటే?" అన్నావు. నిజంగా వెనకే. కొండల్లో సైకిలు యాత్ర, పన్నెండుమంది యాత్రికులు, ఐదు రోజులు. ఎవరూ తప్పిపోకుండా అందరికన్నా చివర తొక్కడమే నా పని. సరిగ్గా చేస్తే సీజనంతా ఉంచుకుంటానన్నాడు ఈ యాత్ర నడిపే యజమాని.

ఈ యాత్రికుల్ని నువ్వు చూడాలి. ఒంటికి అతుక్కుపోయిన రంగురంగుల బట్టలు. నువ్వైతే "కుట్లు విప్పి రెండంగుళాలు వదలండి బాబూ" అనేదానివి. ఒక బ్యాంకు మేనేజరు తన సైకిలు ఎంత తేలికో గంటసేపు ఉపన్యాసమిచ్చి, మొదటి ఎత్తు రాగానే సైకిలుతోపాటు తానూ వ్యానెక్కాడు. లోయ కనబడే మలుపుకు వంద గజాల ముందు దిగి, సీసాలో నీళ్ళు ముఖాన చల్లుకున్నాడు. నేను అక్కడికి చేరగానే, "అమ్మాయ్, చెమట కనబడేలా తియ్యి" అని ఫోను చేతికిచ్చాడు. లోయ బాగానే ఉంది పాపం. అందరూ దానికి వీపు పెట్టి నిలబడ్డారు.

అందరిలోకీ నెమ్మది ఒక రిటైరైన హెడ్మిస్ట్రెస్. ప్రతి పువ్వు దగ్గరా ఆగి దాని పేరు చెబుతుంది. తప్పు పేరు. "ఇంకా పదకొండు కిలోమీటర్లుంది మేడమ్" అంటే, "కిలోమీటర్లు ఎక్కడికీ పోవులేమ్మా" అంటుంది. గొర్రెలు మమ్మల్ని దాటిపోయాయి.

ఇంతవరకూ నవ్వుతూ చదివి ఉంటావు. అసలు సంగతి ఇంకా చెప్పలేదు.

ఇవాళ మధ్యాహ్నం దాటాక ఆవిడ ఏడోసారి ఆగింది. "నువ్వు పదమ్మా, నేనొస్తా" అంది. నాకింకేం కావాలి? ఎదురుగా దిగుడు రోడ్డు ఖాళీగా ఉంది. హ్యాండిలు మీద వంగి గాలిలా పోయాను. అబద్ధమెందుకు, ఎంత బాగుందో! లాడ్జి దగ్గర నన్ను చూడగానే యజమాని, "చివరి మనిషి వచ్చేసింది, అందరూ చేరినట్టే" అని వ్యాను తాళం జేబులో వేసుకున్నాడు. నేను నోరు విప్పలేదు. ఐదు నిమిషాల్లో వస్తుందిలే అనుకున్నాను.

గంటైనా రాలేదు. ఆవిడ ఇంకా వెనకే ఉందని అప్పుడు చెప్పాను. ఇద్దరం వ్యానులో వెనక్కి వెళ్ళాం. రెండు దారులు చీలేచోట తప్పుదారి పట్టి, గొలుసు ఊడి, మోకాలు చీరుకుపోయి, రాతి మీద కూర్చుని ఉంది. పొద్దు వాలుతోంది. "ఎంత అరిచినా ఎవరూ పలకలేదమ్మా" అంది. నీళ్ళసీసా నేనే పట్టి తాగించాను.

భోజనాల దగ్గర యజమాని, ఆవిడ ఒంటరిగా ఎలా మిగిలిందని అడిగాడు. ఆవిడే ముందు అందుకుని, "నేనే పంపించాను. పిల్ల తప్పేం లేదు" అంది. పువ్వుల పేర్లయినా తెలియని మనిషి జాలి నాకు మింగుడుపడలేదు. "ఆవిడ పొమ్మన్నా పోకూడదు, పోయాను. వచ్చాక కూడా గంటసేపు దాచాను" అన్నాను.

"ఈ కాలం పిల్లలు!" అన్నాడు మేనేజరు, వ్యానులో కొండెక్కినవాడు.

"సీజను మాట ఇప్పుడెత్తకు," అన్నాడు యజమాని. "రేపొక్కరోజు చూస్తా. అదీ మేడమ్ ఒప్పుకుంటేనే."

"ఒప్పుకుంటా. ఆగడం మాత్రం మానను" అందావిడ.

బజారులో నువ్వు నెమ్మదిగా నడుస్తున్నావని విసుక్కుని ముందుకు పోయేదాన్ని. "నువ్వు పదవే, నేనొస్తా" అనేదానివి. మలుపు తిరిగాక ఒక్కసారైనా వెనక్కి చూశానా అని ఇందాకటినుంచీ ఆలోచిస్తున్నాను. గుర్తు రావడం లేదు.

రేపు ఏడింటికి బయలుదేరతాం. ఆవిడ ఇరవైసార్లు ఆగితే ఇరవైసార్లూ కాలు నేలకానించి వెనకే నిలబడతాను. పళ్ళు కొరుక్కుంటూనే.

ఇట్లు,
విసుగు ఇంకా తగ్గని
నీ పెద్దకూతురు