పరగడుపున ఒక గ్లాసు

రామన్నపేట,
సోమవారం.

అక్క ఆండాళుకు తమ్ముడు భిక్షపతి మొక్కి రాసేది. ఇక్కడ అందరం క్షేమమని రాయడం పద్ధతి కాబట్టి రాస్తున్నాను. నేను తప్ప అందరూ క్షేమం. కొల్లాపూర్‌లో నువ్వు క్షేమమని మాత్రం నాకు నమ్మకం లేదు. ఎందుకో కింద రాస్తాను, మధ్యలో వదిలెయ్యకు.

రాఖీ అందిందా అని ఫోన్లో అడిగావు. అందింది. నీ బదులు మా బిడ్డ మనీష కట్టింది.

మగ్గం నడుస్తోందా అన్నావు. నడుస్తోంది గానీ, తిన్నాక రెండు గంటలదాకా గుంటలో దిగి వంగొద్దని డాక్టరమ్మ ఆర్డరు. ఆర్నెల్లుగా బువ్వ తిని మగ్గం మీద వంగితే చాలు, పుల్లటి నీళ్లు గొంతులోకి ఎగదన్నేవి. రొమ్ములో నిప్పు. గుండెపోటే అనుకుని వసంతలక్ష్మిని కేకేస్తే, "నిరుడు గిట్లనే సచ్చినట్టు పండి నన్ను ఏడిపిచ్చినవ్. ఇయ్యాల నేనేడ్వ, నాకు వంటున్నది" అంది. కట్టుకున్నదాని తప్పు కాదు, నా బతుకే అట్లా ఉంది.

నల్లగొండ పోతే నోట్లోంచి పైపు దించి చూశారు. డాక్టరమ్మ, "గుండె మంచిగనే ఉందయ్యా. కడుపు మీద ఒక మూత ఉంటది, అది వదులైంది. లోపలి పులుపు పైకెక్కి బువ్వ దిగే గొట్టాన్ని కాలుస్తాంది" అంది.

"మూత బిగించే పానా లేదా అమ్మా?" అన్నాను.

"ఉంది. నీ నోరే. బీడీ బంద్ చెయ్యి, చాయ్ తగ్గించు, పండుకునే మూడు గంటల ముందే తిను, కడుపుల జర జాగా ఉంచు."

నాకు తగ్గ మనిషే దొరికింది. పొద్దున తినడానికి అరగంట ముందు ఒక గోలీ. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టాం. నిద్రలో జారి కాళ్లవైపు చేరుతున్నాను, తెల్లారి వసంతలక్ష్మి నన్ను పైకి గుంజుతోంది. మంట మాత్రం ముప్పాతిక తగ్గింది.

ఇదంతా కుదురుగా కూర్చుని రాస్తున్నాననుకోకు. నాలుగు మాటలకోసారి లేచి వాకిట్లోకి పోయి వస్తున్నాను. రాఖీ కవర్లో నువ్వు పెట్టిన చిట్టీ జేబులోనే ఉంది. "నువ్వు చెప్పిన మందు తప్పకుండ తాగుతున్న తమ్మీ. మంట పోలే గని నమ్మకమున్నది. ఇప్పుడు ముద్ద రొమ్ముకాడ ఆగుతాంది, నీళ్లు తాగితే గని దిగుతలేదు. మంచిగ సన్నబడ్డవని అందరు మెచ్చుకుంటున్నరు" అని సంబరంగా రాశావు.

ఆ చిట్టీ పట్టుకుని మళ్లీ డాక్టరమ్మ దగ్గరికి పోయాను. చదివి, ఈసారి హాస్యమాడలేదు. "ముద్ద ఆగుతాంది, మనిషి చిక్కుతాంది అంటే ఆగొద్దు. మంట ఏండ్లకేండ్లు కాలిస్తే గొట్టం సన్నబడ్తది. అదైతే వెడల్పు చెయ్యొచ్చు. ఇంకేమన్న కావొచ్చు. చూడంది చెప్పలేను" అంది. తర్వాత, "ఏం మందు తాగుతాంది?" అని అడిగింది. చిట్టీ మడిచి జేబులో పెట్టుకుని బయటికొచ్చేశాను.

అక్కా, బైరాగి లేడు.

నిరుడు మా ఇంట్లో నువ్వు రొమ్ము పట్టుకుని కూర్చున్నప్పుడు, జాతరలో ఒక బైరాగి చెప్పాడన్నాను చూడు: చిక్కటి చింతపులుసులో మిరియాలు, పరగడుపున ఒక గ్లాసు, తాగి బోర్లా పడుకోవాలని. అది అప్పటికప్పుడు నా నోట్లో పుట్టింది. ఒక గుక్క తాగి నువ్వు మొహం ముడిస్తే నవ్వుదామనుకున్నాను. నువ్వు గ్లాసంతా తాగావు. రెండో రోజూ తాగావు. మూడో రోజు నాకు నవ్వు రాలేదు, నిజం చెబితే చిన్నబోతానని ఊరుకున్నాను. నువ్వు మీ ఊరు వెళ్లి ఏడాది తాగావు.

పులుసు మంటను పెంచింది. అంతకంటే పెద్ద పాపం, దాన్ని నమ్మి నువ్వు దవాఖాన గడప తొక్కలేదు. నిన్న ఫోన్ చేసి ఆపెయ్యమంటే, "నీ ఏషాలు నాకెరుకే తమ్మీ, మంచిగయ్యే యాళ్లకు ఆపుమంటవా?" అని నవ్వి పెట్టేశావు. అందుకే కాగితం. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యమూ లేదనుకో.

ఇది బుధవారానికి అందుతుంది. అందగానే ఆ గ్లాసు బంద్. నేను గురువారం సాయంత్రం వస్తాను. మధ్యలో ఒక రోజు ఉంది, తిట్లు అందులో కానియ్యి, మిగిలినవి బస్సులో తిట్టు. శుక్రవారం పొద్దున పాలమూరు దవాఖానలో నీ పేరు రాయించాను. ముందురోజు రాత్రి తిన్నాక ఏమీ ముట్టొద్దు. పైపు దిగేటప్పుడు కాసేపు ఓకరింపు వస్తుంది, అంతే. నల్లగొండలో నేను ఏడ్చానని వసంతలక్ష్మి చెబితే అది నిజమే.

అమ్మ పోయినప్పటి నుంచి నా అబద్ధాలన్నీ మొహం చూసే పట్టేదానివి. ఈ ఒక్కటి ఎట్లా తప్పిపోయిందా అని ఎంతో ఆలోచించాను. ఆ రోజు నొప్పితో నువ్వు తల ఎత్తలేదక్కా. గురువారం నేను గుమ్మంలో నిలబడగానే ఒక్కసారి తల ఎత్తి నా మొహం చూడు. చూసి, నాతో రా.

ఇట్లు,
నీ కొంగు పట్టుకుని పెరిగిన తమ్ముడు
భిక్షపతి