పద్నాలుగో వరుస నుంచి ఖాళీ

భీమవరం,
ఫిబ్రవరి 9

చెల్లెమ్మ క్రిస్టినాకు అన్నయ్య దీవెనలు.

ప్రభువు దయవల్ల ఇక్కడ మేమంతా కులాసా. కంటి ఆపరేషన్ తర్వాత అమ్మ తన బైబిలు తనే చదువుకుంటోంది. మీ కొండల్లో చలి తగ్గిందని తలుస్తాను.

నీ ఉత్తరమూ, మీ నాలుగో తరగతి పిల్లలు మా రూబీ తరగతికి రాసిన ఉత్తరమూ అందాయి. "మీ అంకెలు పద్నాలుగో వరుస నుంచి ఎందుకు ఖాళీ? నీళ్లు చూడటం మానేశారా?" అని అడిగారు. మానలేదు. ఫోనులో చెప్పగలిగే జవాబు కాదు గనుక రాస్తున్నాను.

'మనం తాగే నీళ్లు' అని రెండు బడుల పిల్లలు కలిసి ఒకే ఆన్‌లైన్ షీటు నింపాలన్నది నీ ఆలోచనే. మీవాళ్లు ఊట నీళ్లు, మావాళ్లు బడి కుళాయి నీళ్లు. ఇక్కడ సత్యకుమారి టీచరు గారు మేత దుకాణంలో ఉప్పు కొలిచే మీటరు అడిగి తెచ్చారు. రొయ్యల రైతులు నీటి చుక్క వేసి, కన్ను పెట్టి చూసేదే. బడి ట్యాబ్ పనిచేయక రూబీ రోజూ అంకెలు నా ఫోనులోనే ఎక్కించేది. పదమూడు రోజులు సున్నా. పద్నాలుగో రోజు రెండు. ఇరవయ్యో రోజుకు, అంటే చివరి రోజుకు, నాలుగు. కుళాయికి నీరొచ్చే కాలువలోకి రొయ్యల చెరువు నీళ్లు వదిలారు. బడిలో వంట చేసే పాపాయి నవ్వుతూనే అంది: "ఈ వారం పప్పులో ఉప్పు వెయ్యట్లేదండి టీచరు గారూ, కుళాయే వేసేస్తోంది."

ఆ చెరువు చేసే శ్రీనివాసరాజు గారు మా ఇంటికొచ్చారు. "ఏంటండీ పాల్ గారూ, పిల్లల ఆటని మీరూ పట్టించుకుంటారా? జిల్లా సైన్సు ఎగ్జిబిషన్ వస్తోంది. నాలుగంకెలు లేకపోతే కొంపలేం మునగవు కదండీ!"

అంకెలు పోయాయి. ఫోనులో ఏదో తేడా అనుకున్నారు టీచరు గారు. ఉన్నదాన్నే చార్టు వేసి పెడితే జిల్లాలో మొదటి బహుమతి వచ్చింది. ముగ్గురు జడ్జీలు. వాళ్ల మాటలు నా నోట్‌బుక్‌లో ఉన్నాయి. ఒకరు రంగులు బాగున్నాయన్నారు. ఒకరు చేతిరాత మెచ్చుకున్నారు. మూడోవారు డిజిటల్ విద్య మీద పదకొండు నిమిషాలు మాట్లాడారు. ఏడు వరుసలు ఎందుకు ఖాళీ అని ఒక్కరూ అడగలేదు. నూట పన్నెండుమంది పిల్లలు తాగే నీళ్లవి! పరిశోధన చేయమని మీటరు చేతికిస్తారు, ఏదైనా తేలితే మాత్రం రంగులు చూసి చప్పట్లు కొడతారు. ముగ్గురు పెద్దలకు తట్టని ప్రశ్న మీ తొమ్మిదేళ్ల పిల్లలు వేశారు.

ఆ ప్రశ్న చదివిన రూబీ షీటులో ఎప్పుడు ఏం మార్చారో చూపే పాత మార్పుల జాబితా తెరిచింది. అంకెలు తీసేసింది నా ఫోను నుంచే. అందులో వింత లేదు, ఎక్కించేదీ దాన్నుంచే.

"కానీ నాన్నా, ఇది ఆదివారం పదీ నలభైకి. అప్పుడు నేను సండే స్కూల్లో ఉన్నాను కదా?"

క్రిస్టినా, తీసేసింది నేనే. ఆ చెరువు తవ్వింది నాన్నగారు మనిద్దరికీ వదిలిన పొలంలోనే. నిరుడు నీకు చెప్పకుండా లీజుకిచ్చాను. పొలం ఎలా ఉందని నువ్వడిగితే వరి బాగా పండిందని రాశాను. అది అబద్ధం. ఇరవై ఆరేళ్లుగా విలేకరినై ఇతరులు దాచినవి బయటపెట్టి తిండి తింటున్నవాణ్ణి.

ఆ లీజు రద్దు చేయించడానికి, దానికి నీ ఒప్పుదల లేదని ఒక కాగితం రాసి వెంటనే పంపు. నా మీద ఫిర్యాదుగానే రాయి. కాలువ వార్త మా పత్రికకు ఇచ్చాను, పొలం యజమానిగా నా పేరుతో సహా. వేస్తారో లేదో తెలియదు. అంతవరకూ పిల్లలకు ఇంటి నుంచి మంచినీళ్ల క్యాన్లు మోస్తున్నాను.

ఏడు అంకెలూ వెనక్కి తెచ్చాం. మీ పిల్లల్ని షీటు మళ్లీ చూడమను. పక్కన రూబీ ఒక కొత్త కాలమ్ కలిపింది: 'ఎవరు తీసేశారు?' దాని కింద ఏడుసార్లు 'మా నాన్న' అని రాసింది. ఫోను ఇప్పటికీ నా జేబులోనే ఉంటోంది. ఆ గడులు నేను ముట్టుకోలేదు.

ఇట్లు,
నీ జవాబు కోసం చూసే అన్నయ్య,
విజయ్ పాల్