పదడుగుల గీత

చిరంజీవి అమ్మడికి,

నాన్న దీవెనలు. ఇక్కడ నేను కులాసా. కొట్టివేత చూసి కంగారుపడకు. అలవాటుకొద్దీ "మేము" అని రాసి, దిద్దాను. నువ్వూ, అల్లుడుగారూ, చంటిదీ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. ఫోన్లో నేను ఆఁ, ఊఁ తప్ప మాట్లాడనని, అందుకే రాయమంటున్నానని అన్నావు. నిజమే. ఇన్నాళ్ళూ ఫోన్లో ఇద్దరి తరఫునా మీ అమ్మే మాట్లాడింది. నేను పక్కన కూర్చుని విని, ఆఖర్న "ఆరోగ్యం జాగ్రత్త" అనేవాణ్ణి.

నువ్వడిగినవాటికి జవాబులు. బీపీ మాత్ర మానలేదు. స్నానాలగదిలో కుళాయి బాగైంది. ప్లంబరు మూడుసార్లు వచ్చి మూడుసార్లూ కారేలాగే బిగించి వెళ్ళాడు. నాలుగోసారి నేనే బిగించుకున్నాను. వంట వచ్చేసిందా అని అడిగావు. తినడం వచ్చేసింది. అమ్మ బీరువా ఇంకా తెరవలేదు. టైపు మిషను ఎవరికైనా ఇచ్చెయ్యమన్నావు. అది మాత్రం ఇవ్వను. ఎందుకో కింద రాస్తాను. అల్లుడుగారికి మోకాలు మెట్లెక్కేటప్పుడు నొప్పా, దిగేటప్పుడా? కనుక్కుని రాయి. రెండింటికీ వైద్యం వేరు.

ఇక చంటిదాని సంగతి.

స్కూల్లో బాస్కెట్‌బాల్ జట్టుకి పిల్లల్ని ఎంచుతున్నారనీ, నిన్నడక్కుండానే అది పేరిచ్చి వచ్చిందనీ, ఇరవై ఎనిమిదో తారీకులోపు ఫారం మీద నీ సంతకం కావాలనీ రాశావు. పెట్టననీ రాశావు. "మన ఇంట్లో చేతికి గురి లేదు నాన్నా. నాకే లేనిది దానికి ఎక్కణ్ణుంచి వస్తుంది? నలుగురిలో నిలబడి నవ్వులపాలవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఏడిస్తే ఏడవనీ, ఈ ఏడు డ్రాయింగులో చేరుస్తాను" అన్నావు.

ఆ ముక్క చదివి కాగితం మడిచి పెట్టేశాను. మళ్ళీ తీసి చదివాను. ఇది నీకు ఇరవై ఎనిమిదిలోపు చేరాలి కాబట్టి ఈరోజే రాస్తున్నాను.

అప్పుడు నీకు పదేళ్ళు. నేను మీ స్కూల్లోనే డ్రిల్లు మాస్టారుని. ఉద్యోగం చేస్తూనే పై చదువు చదువుతూ, థీసిస్ రాస్తున్న రోజులు. స్కూలు వెనక సిమెంటు కోర్టులో, మొదటి గంటకి ముందు, పన్నెండుమంది పిల్లలచేత నలభై రోజులు రింగులోకి బంతి వేయించాను. నీకు గుర్తుండకపోవడమేమిటి. అదొక పోటీ అని మీకు చెప్పాను. నిజానికి పోటీ కాదు. నా ఊహ ఒకటి సరైనదో కాదో తేల్చుకోవడానికి పెట్టిన పరీక్ష.

ఆ ఊహ ఇది. ఒకే చోట నిలబడి ఒకే దూరం నుంచి వెయ్యిసార్లు వేస్తే చెయ్యి తొందరగా కుదురుతుంది. రోజువారీ లెక్క ముచ్చటగా పెరుగుతుంది. చూసేవాళ్ళు భేష్ అంటారు. కానీ చెయ్యి నేర్చుకునేది ఆ ఒక్క దూరాన్నే. అలా కాకుండా దూరాలు మార్చి మార్చి వేయిస్తే రోజూ తప్పులే. పిల్లలకి ఏడుపు, మాస్టారికి విసుగు. అయితే ఆ పిల్లల్ని ఒకనాడు కొత్తచోట నిలబెడితే, చెయ్యి తనంతట తనే దూరాన్ని అంచనా కట్టుకుంటుంది.

తేల్చడానికి ఆరేసిమందితో రెండు జట్లు చేశాను. రింగుని పిల్లల ఎత్తుకి దింపించాను. మొదటి జట్టుకి పదడుగుల దగ్గర సుద్దగీత. నలభై రోజులూ ఆ గీత మీదనుంచే. రెండో జట్టు ఆరడుగులు, ఎనిమిది, పన్నెండు, పద్నాలుగు. వరస ఉండదు, ఏ బంతి ఎక్కణ్ణుంచో నేను చెప్పాలి. రెండు జట్లలోనూ మనిషికి రోజుకి అరవై బంతులు.

నువ్వు గీత జట్టులో ఉన్నావు. అప్పటికే మీ అమ్మ నిన్ను గురిపిల్ల అని పిలిచేది. గుమ్మంలో నిలబడి పళ్ళు తోముకునే బ్రష్షుని కిటికీ దగ్గరున్న గ్లాసులో వేసేదానివి. ఆఖరి వారానికి నీకు అరవైకి యాభై పైన పడుతుండేవి. రెండో జట్టులో ఎవరికైనా ముప్పై దాటితే గొప్ప. స్కూలు వాచ్‌మన్ రోజూ వచ్చి చూసి, "మాస్టారూ, ఆ జట్టుకి బంతులు దండగ, కళ్ళజోళ్ళు కొనిపెట్టండి" అనేవాడు. అందరికంటే ఎక్కువ నవ్వింది నువ్వే. ఇప్పుడు నువ్వు పొద్దస్తమానం కళ్ళద్దాలకి చూపు కొలిచే పనిలో ఉన్నావని తెలిస్తే మురిసిపోయేవాడు.

నలభై ఒకటో రోజు పదమూడడుగుల దగ్గర గీత గీశాను. రెండు జట్లలో ఎవరూ నిలబడని చోటు అది. పిల్లల తల్లిదండ్రులు, హెడ్మిస్ట్రెస్, నా థీసిస్ గైడు వచ్చారు. మనిషికి ఇరవై బంతులు. వడ్రంగిగారి అమ్మాయి, రెండో జట్టులో అందరికంటే వెనకబడ్డ పిల్ల, పదకొండు వేసింది. నీకు రెండు పడ్డాయి.

మిగతా పద్దెనిమిదీ ఎలా తప్పాయో నువ్వు చూసి ఉండవు, నేను చూశాను. అన్నీ ఒకే తీరుగా, రింగుకి ముందు ఒకే చోట రాలాయి. నీ చెయ్యి ఏ పొరపాటూ చెయ్యలేదు. నేర్పినట్టే, లెక్కగా, పదడుగులకి వేసింది.

ఆ మర్నాటినుంచి నీకు గీతమ్మ అని పేరు పెట్టారు. గీత మీద తప్ప చేతకాని గీతమ్మ. నువ్వు ఇంటికొచ్చి చేతులు కడుక్కుని, "నాకు రాదు నాన్నా" అన్నావు. నేను "పోనీలేమ్మా, అందరికీ అన్నీ రావు" అన్నాను.

తప్పు నీది కాదని నూట నలభై పేజీలు రాశాను. గైడుకి అర్థమైంది. థీసిస్ దిద్దినవాళ్ళకి అర్థమైంది. ఒక్క పేజీ కూడా నీకు చదివి వినిపించలేదు. గీత జట్టుని సెలవులయ్యాక కూర్చోబెట్టి దూరాలు మార్చి నేర్పుదామనుకున్నాను. సెలవులయ్యేసరికి నాకు పట్టా వచ్చింది, ఆ కోర్టులో సైకిళ్ళు పెట్టుకోవడం మొదలుపెట్టారు. తరవాత నువ్వు బంతి పట్టుకోగా నేను చూడలేదు.

ఇంతవరకూ రాయడం తేలికే. ఇది చదివి "మాస్టారు పనిలో పడి కూతుర్ని మర్చిపోయాడు" అనుకుని ఊరుకుంటావు. మిగతాది కూడా రాయాలి.

జట్లు చీటీలు వేసి విడదీశాం. పన్నెండు చీటీలు, మీ అమ్మ గుండీల డబ్బాలో. డబ్బా పట్టుకుంది మీ అమ్మ, తీసింది మీరు, విప్పి చదివింది నేను. నీకు వచ్చింది గీత జట్టు కాదమ్మా. రెండో జట్టు.

నువ్వు తీసిన చీటీ చేతిలో ఉండగా గైడు మాట గుర్తొచ్చింది. "సొంత పిల్లని కూడా పెట్టుకుంటున్నావు, రేపు నలుగురూ వేలెత్తి చూపించకుండా చూసుకో" అన్నాడు. అందరిలోకీ గురి ఉన్న పిల్ల నువ్వు. గెలుస్తుందని నేను నమ్ముతున్న జట్టులో నువ్వుంటే, మాస్టారు కూతుర్ని అందులో వేసుకుని గెలిపించుకున్నాడంటారు. అదే నువ్వు గీత జట్టులో ఉండి ఓడిపోతే ఇంక ఎవరూ నోరెత్తరు. పక్కనే వడ్రంగిగారి అమ్మాయి చీటీ ఉంది. నీది దానికి చదివాను, దానిది నీకు చదివాను. ఆ పిల్ల తరవాత కాలేజీ జట్టుకి ఆడింది. పేపర్లో ఫోటో వస్తే నువ్వే కత్తిరించి తెచ్చి చూపించావు.

ఫలితం నావైపు తిప్పుకోవడానికి చెయ్యలేదు, నాకు ఎదురుగానే చేశాను. చాలా ఏళ్ళు దీన్ని నిజాయితీ అనుకున్నాను. నిజాయితీ అయితే థీసిస్‌లో రాసి ఉండేవాణ్ణి.

ఇంకొకటి. ఆ రోజు లెక్క రాసింది నేను. పడితే గీటు, తప్పితే సున్నా. నీ వంతు వచ్చాక మొదటి బంతి తప్పింది. రెండోది తప్పింది. మూడోది తప్పేసరికి నాకు సంతోషం వేసింది. ఈ మాటకి ఇంకో మాట వెతికాను, దొరకలేదు. అయిదో బంతి పడితే గుండె జారింది. ఆ తరవాత తప్పిన ప్రతిసారీ లోపల, హమ్మయ్య, అనుకున్నాను. నువ్వు నావైపు చూస్తూనే ఉన్నావు, మోచెయ్యి ఎత్తాలా, మోకాలు వంచాలా అని. నేను కాగితం వైపు చూస్తూ కూర్చున్నాను.

మీ అమ్మ నా వెనక నిలబడి బంతులు అందిస్తోంది. ఆ సాయంత్రం ఆ కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది.

"సున్నాలు ఎంత గుండ్రంగా చుట్టారండీ" అంది.

అంతే. తిట్టలేదు, దెబ్బలాడలేదు. థీసిస్ టైపు చేసింది కూడా తనే. ఆఫీసునుంచి వచ్చి, టీ తాగి, రోజుకి నాలుగు పేజీలు, కార్బన్లు పెట్టి నాలుగు కాపీలు. ముప్పై ఒకటో పేజీలో ఒక వాక్యం ఉండాలి. "పిల్లలను చీటీల ద్వారా రెండు జట్లుగా విభజించడమైనది." అక్కడ ఒక లైను ఖాళీ వదిలేసి, కింది లైను నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. మర్చిపోయావా అని అడిగాను. "అది నా మిషను కొట్టదు. మీకు కావాలంటే పెన్నుతో రాసుకోండి" అంది. చీటీలు మార్చడం తను చూసిందని అప్పుడు తెలిసింది. నాలుగు కాపీల్లోనూ నా చేత్తో రాశాను. ఒక కాపీలోంచి ఆ పేజీ చించి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. మిషను ఎందుకు ఇవ్వనో ఇప్పుడు నీకు తెలుస్తుంది.

ఆస్పత్రిలో ఆఖరి వారం, ఒక మధ్యాహ్నం, నర్సు వచ్చి సీసా మార్చి వెళ్ళాక అడిగింది, "దానికి చెప్పారా?" అని. దేనిగురించని నేను అడగలేదు. చెబుతానన్నాను.

"నేనే చెప్పేదాన్ని. నేను చెబితే మీమీద చాడీ అవుతుంది. మీరు చెబితే దాని చెయ్యి దానికి తిరిగొస్తుంది" అంది.

ఎనిమిది నెలలైంది. నాలుగుసార్లు ఫోన్ చేసి, అక్కడ వాన పడుతోందా అని అడిగి పెట్టేశాను.

క్షమించమని అడగను. అడిగితే నీకు జాలేసి ఏదో ఒకటి అంటావు, నేను దాన్ని పట్టుకుని హాయిగా పడుకుంటాను. అది నాకు వద్దు. కోపం వస్తే ఉంచుకో. ఎన్నాళ్ళు కావాలంటే అన్నాళ్ళు ఉంచుకో. ఉత్తరం రాయకపోయినా ఎందుకని అడగను.

సంతకం పెట్టడం, మానడం నీ ఇష్టం. దానికి డ్రాయింగు మీద మనసుంటే డ్రాయింగులోనే చేర్చు. కానీ ఇంట్లో గురి లేదన్న కారణంతో మాత్రం మాన్పించకు. ఆ కారణం నేను తయారుచేసింది.

అది మేజోళ్ళు ఉండ చుట్టి, మంచం మీదనుంచీ బల్ల కిందనుంచీ వీధి గుమ్మంలోంచీ బట్టల బుట్టలోకి విసురుతోందని విసుక్కున్నావు. విసరనీ. నా చదువంతటిలో ఉన్నది అదే. పన్నెండుమంది పిల్లలతో లోకం తేలిపోదని తరవాత తెలిసింది. మొదట్లో కొన్నాళ్ళు ఒకచోట నిలబెట్టి చేతికి దారి చూపించడం మంచిదేనని చెప్పేవాళ్ళున్నారు. అదీ కాదనను. అక్కడే ఉంచెయ్యకూడదు, అంతే. ఒకవేళ అక్కడి మాస్టారు ఉంచేస్తే, సాయంత్రం నువ్వు దాన్ని పక్కకి జరుపు. తప్పులు ఎక్కువవుతాయి. కంగారుపడకు, దాన్ని పడనివ్వకు.

ఫారం నకలు కూడా పంపావు. చంటిదే పెన్సిలుతో నింపినట్టుంది, "పుట్టిన తేదీ"లో తేదీ రాసి పక్కన ఆదివారం అని కూడా రాసింది. ఏడో గడిలో "కుటుంబంలో ఈ ఆట వచ్చినవారు" అని అడిగారు. అక్కడ "తాతయ్య" అని రాసి ఉంది. దాన్ని చెరిపించి నీ పేరు రాయించు.

ఇట్లు,
చాలా ఆలస్యంగా రాస్తున్న
నాన్న