పూచీ పడే పెద్దమనిషి

హుకుంపేట
మోసెస్‌కి,
నీ ఫోను కొండెక్కితే గాని పలకదు, అందుకే ఉత్తరం. మీ నాన్న అప్పట్లో గుండెపోటుతో పోయాడు. నిరుడు మీ అక్కా నన్నొదిలి అలాగే పోయింది. నీకు నలభై దాటాయి. ఆసుపత్రికెళ్లి బీపీ, రక్తం చూపించుకో. నేనూ చూపించుకున్నాను. పొద్దుటే నడుస్తున్నాను.
మీ బావ, ఎలీయేజరు
తా.క.: ఎండుచేప తగ్గించు.

గుమ్మలక్ష్మీపురం
బావగారికి వందనాలు.
బానే ఉన్నోడికి ఆసుపత్రెందుకు? లేని రోగాన్ని పిలిసి కూకోబెట్టడానికా? నీ సంగతి సంతలో తెలిసింది. కొత్త బూట్లట, పొట్ట తగ్గిందట, రక్తం పరీచ్చట! ఏటి సేత్తన్నావు బావా? నువ్వు మనువాడే గుంట ఎవులు? నువ్వొక్కడివీ వండుకు తింటంటే మాకూ బాధే. కాదంటామా?
మోసెస్
తా.క.: పెళ్లికని పందిని మేపతన్నాం.

మోసెస్‌కి,
పెళ్లి లేదు. నడక గుండె కోసం. ఆసుపత్రికి వెళ్లు.
ఎలీయేజరు
తా.క.: పందిని మామూలుగానే మేపు.

బావగారికి,
నువ్వు సిగ్గుపడ్డావని ఇంటిల్లిపాదీ నవ్వుకున్నాం. గుండె కోసం ఎవులైనా నడుత్తారా? పాస్టరుగారికి సెప్పేసేను. నీ తరఫు పెద్దగా నేనే నిలబడతాను.
మోసెస్
తా.క.: పంది బాగా ఒళ్లు సేసింది.

మోసెస్‌కి,
సరే, దాచను. వాళ్లది ఒకటే షరతు. నా తరఫున పూచీ పడే పెద్దమనిషి నాలుగు కాలాలు బతికేవాడై ఉండాలట. నీ బీపీ, రక్తం, ఈసీజీ కాగితాలు అడుగుతున్నారు. బేగి వెళ్లు.
ఎలీయేజరు
తా.క.: ముహూర్తం నీ చేతుల్లో ఉంది.

బావగారికి,
మర్నాడే ఎల్లేను. బీపీ నూట డెబ్బై అట. నాకేటీ తెలీనేదు! డాక్టరమ్మ తిట్టి మాత్రలిచ్చింది. రోజూ ఏసుకోమంది, నడవమంది. కాగితాలు పంపతన్నాను. ఇయ్యి సూసి వాళ్లు పిల్లనియ్యకపోతే? నా మూలంగా నీ పెళ్లి సెడిపోద్దా? ముద్ద దిగట్లేదు బావా.
మోసెస్
తా.క.: పెళ్లికూతురి పేరైనా సెప్పు.

మోసెస్‌కి,
కాగితాలు నేనే చూశాను. అడిగినవాళ్లెవరూ లేరు. పెళ్లికూతురూ లేదు. నిజం చెబితే నువ్వు ఆసుపత్రికి వెళ్లలేదు, అబద్ధం చెబితే వెళ్లావు. పాస్టరుగారికి నేను చెప్పుకుంటాను.
నవ్వితే నువ్వు అచ్చం మీ అక్కవే. ఆ నవ్వు నాకింకా కావాలి. మాత్ర మానకు. ఆదివారం ఆరాధన అయ్యాక వస్తాను, కలిసి నడుద్దాం. నీ మీద బెంగ తీరి, ఈ నెలలో ఇవాళే కడుపునిండా తిన్నాను.
మీ బావ, ఎలీయేజరు
తా.క.: పందిని అమ్మి బూట్లు కొనుక్కో.