వహ్నిక ఇచ్చిన మాట

హన్మకొండ,
బుధవారం.

భాస్కరన్నకు,

ఫోనులో మన ఆట గ్రూపులో రాస్తే, మనతో ఆడే కాశిఫ్ నవ్వులాట చేస్తాడని కాగితం మీద రాస్తున్నాను. ఆదివారం మా బట్టల దుకాణం పైగదిలో ఆట ముగియగానే చాయ్ కూడా తాగకుండా దిగిపోయాను. తలనొప్పి అన్నది అబద్ధం. ఇంకో నిమిషం కూర్చుంటే మీ అందరి ముందూ ఏడ్చేదాన్ని.

తలా ఒక పాత్రై, పాచికలేస్తూ కథ నడిపే ఆ ఆటలో రెండేళ్లుగా నేను వహ్నికను. పాలడిన్‌ను, అంటే దేవత ముందు ప్రమాణం చేసిన యోధురాలిని. అబద్ధం ఆడకూడదు, శరణన్నవాణ్ణి చంపకూడదు. ప్రమాణం నిలిపినన్నాళ్లే నా చేతికి గాయాలు మాన్పే శక్తి. కథ నడిపే నువ్వే ఆ నియమం పెట్టావు.

ఆదివారం ఆటలో, ఊరి పిల్లల్ని ఎత్తుకుపోయిన దొంగ కత్తి పారేసి మోకాళ్ల మీద పడ్డప్పుడు, "నీ ప్రాణానికి నాది పూచీ" అన్నాను. ఆ మాట విన్నాకే వాడు పిల్లల్ని దాచిన గుహ చూపించాడు. ఏడుగురినీ బతికించాం. ఆ పిల్లల ఊరు తగలబెట్టింది కూడా వాడేనని నువ్వు చెప్పింది ఆ తర్వాతే. ఊరివాళ్లు గొడ్డళ్లతో వచ్చి వాణ్ణి అప్పగించమన్నారు. "ఇచ్చెయ్ రమ్యా, గసుంటోనికి మాటేంది?" అన్నాడు కాశిఫ్. నేను ఇవ్వలేదు. రాజధానిలో న్యాయాధికారి దగ్గరికి తీసుకుపోతానన్నాను. నువ్వు పాచికలు కూడా వెయ్యకుండా, "హంతకున్ని కాపాడినవ్. దేవత నిన్ను ఇడిసిపెట్టింది" అన్నావు.

అన్నా, అప్పగించి ఉంటే మాట తప్పినందుకు విడిచేది. అప్పగించనందుకూ విడిచింది. రెండు దారులూ నువ్వే మూసి నన్ను నడవమన్నావు. ఆటలో ఓడిపోవడం నాకు కొత్త కాదు. నువ్వు నా మొహం చూడకుండా తీర్పు చెప్పావే, అది బాధపెట్టింది.

మూడు రోజులు ఆలోచించాను. ఆట మానను. శక్తి తిరిగి ఇమ్మని అడగను. గాయం మాన్పలేని చేతులతోనే వహ్నిక ఆ ఖైదీని రాజధానికి చేరుస్తుంది. దారిలో చచ్చిపోతే చచ్చిపోతుంది.

నీ చెల్లె,
రమ్య

హసన్‌పర్తి,
శనివారం.

చెల్లె రమ్యకు,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఆ రోజు నీ మొహం చూడలేకపోయిన మాట నిజం. ఎందుకో ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు.

నేను పనిచేసే కాలేజీ ల్యాబులో పోయినేడు అనూష అనే మొదటి సంవత్సరం అమ్మాయి చేతి మీద వాతలు చూపించింది. సీనియర్ల పని. "ఎవ్వరికి చెప్పద్దు సార్, ఒట్టేయుండ్రి" అంది. వేశాను. ఆ సాయంత్రమే హాస్టల్ వార్డెనుకు చెప్పాను. సీనియర్లను కాలేజీ నుంచి పంపించేశారు. కానీ విషయం హాస్టలంతా పాకింది. అనూష చదువు మానేసి వెళ్లిపోయింది.

నేను చేసింది తప్పు కాదని ఏడాదిగా నాకు నేను చెప్పుకుంటున్నాను. ఆ దొంగ కథ అల్లింది అందుకే. అలాంటి చోట మాట తప్పక తప్పదని నీచేత అనిపించాలనుకున్నాను. నువ్వు నిలబడ్డావు. నాకు కోపం వచ్చింది. దేవత పేరు పెట్టి చూపించింది ఆ కోపమే.

నిన్న ఖిలా వరంగల్‌లో అనూష వాళ్లింటికి వెళ్లాను. అనూష గడపలోనే నిలబడింది, కూర్చోమనలేదు. "ఒట్టేసి తప్పిన, బిడ్డా. మాఫ్ చెయ్" అన్నాను. అప్పుడు ఆమె అంది:

"చెప్పినందుకు కోపం లేదు సార్. ఎవరన్న చెప్పాల్నని నాకు గూడ ఎరుకే. గని నాతోని ఒక్క మాట అనకుండ పోయిండ్రు. తెల్లారి మెస్సుల అందరు నా దిక్కు చూస్తాంటే గప్పుడు తెల్సింది నాకు."

ఈ ఏడు వేరే కాలేజీలో చేరుతుందట, సర్టిఫికెట్లు మా ఆఫీసులోనే ఉండిపోయాయంది. ఒట్టు వేయమని ఆమె అడగలేదు, నేనూ వేయలేదు. సోమవారం సాయంత్రానికి తెచ్చిస్తానని మాత్రం చెప్పాను.

ఈ ఉత్తరం ఈ రాత్రే మీ దుకాణంలో ఇచ్చిపోతాను. రేపు ఆటలో అందరి ముందూ నా తీర్పు తప్పని చెప్తాను. శక్తి తిరిగి అడగనన్నావు, తెలుసు. ఇది ఇవ్వడం కాదు, నేను లాక్కున్నది తిరిగి పెట్టడం. అయితే ఆటలో ఊరివాళ్లు ఇంకా గొడ్డళ్లతో వాకిట్లోనే ఉన్నారు. వాళ్ల ఇళ్లు కాలడం నిజం, చచ్చిపోయినవాళ్లు వాళ్ల మనుషులు. వాళ్లతో ఏం మాట్లాడతావో ఆలోచించుకుని రా.

నీ అన్న,
భాస్కర్